ఎసట్లో నెలవంకలు

షాజీరా! బిర్యానీని పొగిడేవాళ్లంతా ముక్క దగ్గరే ఆగిపోతారు. ముక్క ఎంత మెత్తగా ఉడికిందో, మసాలా ఎంత లోపలికి దిగిందో, కుంకుమపువ్వు పాలు ఎన్ని మెతుకులకు రంగు పట్టించాయో చెప్పి చేతులు కడుక్కుంటారు. ఎసటి సంగతి ఎవరూ ఎత్తరు. నేను ఎసటిని పొగడడానికి కూర్చున్నాను. ఎసటిని పొగిడితే ఆ పొగడ్త నీకే చెందుతుంది.

డేగిసాలో నీళ్లు తెర్లుతుంటాయి. నాలుక మీద వేసుకుంటే మొహం చిట్లించేంత ఉప్పు పడింది. లవంగాలు పడ్డాయి, యాలకులు పడ్డాయి, చెక్క పడింది, బిర్యానీ ఆకు పడింది. చిట్టచివర నువ్వు. గుప్పిట్లోంచి కాదు, మూడు వేళ్ల కొసల్లోంచి. పడీ పడగానే పైకి తేలి, తెర్లు ఎటు తోస్తే అటు గిరగిరా తిరుగుతావు. తెల్లటి నురగ మీద నల్లటి నెలవంకలు. అప్పుడు లేస్తుంది ఆ వాసన. పూర్తిగా ఘాటు అనలేం, తీపి అనలేం. చేదు గుమ్మం దాకా వెళ్లి, లోపలికి అడుగుపెట్టకుండా వెనక్కి తిరిగిన వాసన అది. వీధిలో పోయేవాడికి కూడా తెలిసిపోతుంది, ఈ ఇంట్లో ఇవాళ వండుతున్నది మామూలు అన్నం కాదని.

జీలకర్రకు దక్కిన వైభవం నీకు దక్కలేదు. ముహూర్తం వేళకు బెల్లంతో కలిసి తమలపాకులో ఒదిగి, వధూవరుల నెత్తిన కూర్చునేది జీలకర్ర. పురోహితుడు గడియారం చూసేది దానికోసం. చారులో అది, మజ్జిగలో అది, కొబ్బరి పచ్చడి పోపులో అది. పోపుల పెట్టెలో ఆవాల పక్కన దానికి తరతరాల చిరునామా ఉంది. నువ్వు ఆ పెట్టెలో ఉండవు. పై అరలో, జాపత్రీ మరాటి మొగ్గా ఉన్న చిన్న సీసాల వరసలో ఉంటావు. నెలకోసారో రెండు నెలలకోసారో, చుట్టాలొచ్చిన ఆదివారమో, పండగ మర్నాడో నిన్ను కిందికి దించుతారు. అలాగని నీకు పెళ్లిలో పని లేదనుకుంటే పొరపాటు. పందిట్లో తలంబ్రాలు పోసుకుంటున్న వేళకు పందిరి వెనక, మూడు రాళ్ల పొయ్యి మీద, మనిషి పట్టేంత గిన్నెలో నూనె కాగుతూ ఉంటుంది. నీ ముహూర్తం అక్కడ.

నిన్నొకసారి తెల్లకాగితం మీద పోసి చూడాలి. ఇంత సన్నటి ఒంట్లో ఎంత పనితనం! గోటి అంచంత పొడవు, ఒక పక్కకు వంపు, రెండు కొసలూ సూదిగా తేలి ఉంటాయి. ముదురు గోధుమరంగు ఒంటి మీద అయిదు లేతరంగు చారలు నిలువునా పరుగెత్తుతాయి. ఆ చారల మధ్య పల్లాల కింద సన్నటి నాళాలున్నాయి. నీ నూనె అంతా వాటిలోనే. నిజానికి నువ్వు గింజవు కూడా కావు, ఎండిన కాయవు. కొమ్మ మీద ఉన్నప్పుడు రెండు బద్దలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పండాక విడిపోతాయి. ఆ ఎడబాటులోనే నీకు ఈ వంపు. వేలికీ బొటనవేలికీ మధ్య గట్టిగా నలిపితే తప్ప నువ్వు నోరు విప్పవు. జీలకర్ర సీసా మూత తీయగానే పలకరిస్తుంది. నిన్ను ఎవరైనా వచ్చి కదిపితేనే పలుకుతావు.

మీది పెద్ద కుటుంబం. ధనియాలు, సోంపు, వాము, జీలకర్ర, సోయకూర, క్యారెట్టు అన్నీ నీ దాయాదులే. అందరికీ గొడుగు విప్పినట్టు విచ్చుకునే తెల్లని, పచ్చని పూలగుత్తులే. కానీ వాళ్లలా నువ్వు మా ఎండలకు లొంగవు. మొదటి ఏడాది నేలకు అంటుకుని ఆకులు మాత్రమే వేస్తావు. మధ్యలో ఒక చలికాలం గడవాలి, వేరు వణకాలి. రెండో వేసవికి గానీ కాడ లేవదు, పూత పుయ్యదు. మంచు ఎరగని కృష్ణా గోదావరి తీరాల్లో నీ మడి కనిపించకపోవడానికి కారణం అదే. మా వంటల్లో ఇంత చనువుగా తిరుగుతావు గానీ, నువ్వెప్పటికీ చలిదేశపు చుట్టానివే.

ఇక్కడొక గుట్టు విప్పాలి. హైదరాబాద్ బేగంబజార్ గోనెసంచుల్లో నీ పేరు పెట్టుకుని ఇద్దరు కూర్చుంటారు. ఒకరు నువ్వు, యూరప్ పొలాల్లోనూ హిమాలయాల పచ్చికల్లోనూ పెరిగేదానివి. రెండోది నీకంటే సన్నగా, ఇంకాస్త నల్లగా, పొగ వాసన కలిసినట్టుండే కొండపిల్ల: కాలా జీరా. అది కిన్నౌర్, లాహౌల్ స్పితి కొండల్లో, కశ్మీరు లోయల్లో, ఇరాన్‌లో పుడుతుంది. భూమిలో చిన్న దుంప పెట్టుకుని, విత్తిన మూడు నాలుగేళ్లకు గానీ పూయదు; అందుకే దాని ధర వింటే చెయ్యి వెనక్కి పోతుంది. 2019లో హిమాచల్ కాలా జీరాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇరాన్‌లో కెర్మాన్ నగరం దీనికి ఎంత పెట్టింది పేరంటే, అక్కర్లేని చోటికి అక్కర్లేని సరుకు మోసేవాణ్ణి చూసి అక్కడివాళ్లు కెర్మాన్‌కు జీరా మోస్తున్నాడంటారు. కొట్టువాడు మాత్రం ఇద్దరినీ ఒకే మాటతో పిలిచి, ఒకే తక్కెడలో తూస్తాడు. అక్కాచెల్లెళ్ల మధ్య తగువు పెట్టడం నా పని కాదు. కొండపిల్ల దొరికి, కొనగలిగితే అదృష్టం. లేనినాడు నువ్వున్నావు, ఎక్కువ వంటిళ్లలో ఎక్కువ రోజులు పని నడిపేది నువ్వే. అందుకే ఈ స్తుతి నీకు.

నీ ప్రాణం కార్వోన్ అనే పదార్థంలో ఉంది. నీ నూనెలో సగం పైచిలుకు అదే. తక్కినదాంట్లో ఎక్కువ భాగం నారింజ తొక్కలో ఉండే లిమొనీన్. ఇక వినాల్సిన వింత ఇది. ఇదే కార్వోన్ పుదీనాలోనూ ఉంది. అవే పరమాణువులు, అంతే సంఖ్య, అదే అల్లిక. తేడా అల్లా ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం కావడం. ఎడమకాలి చెప్పు, కుడికాలి చెప్పు అచ్చం ఒకేలా ఉండి కూడా ఒకదాని కాలికి ఇంకొకటి పట్టనట్టు, ముక్కులో వాసన పట్టే గదులకు కూడా కుడీ ఎడమా తెలుసు. ఒకవైపు తిరిగితే చల్లని పుదీనా, మరోవైపు తిరిగితే వెచ్చని నువ్వు. చాలాకాలం కొందరు శాస్త్రజ్ఞులు దీన్ని నమ్మలేదు, ఏదో కల్తీ కలిసి ఉంటుందనుకున్నారు. రెంటినీ శుభ్రంగా వేరుచేసి, వాసన తేడా నిజమేనని 1971లో తేల్చారు.

ఇప్పుడు మన డేగిసా దగ్గరికి రండి. కింద పెరుగులో నానిన మాంసం మీద గుప్పెడు పుదీనా చల్లుతారు. పైన, ఎసట్లోంచి తోడిన అన్నంలో నువ్వు. అద్దానికి ఈవలి మనిషీ ఆవలి బొమ్మా ఒకే కుండలో, ఒకే మూత కింద, ఒకే ఆవిరిలో కలుసుకుంటారు. ఆ రెండూ కలిపితే బాగుంటుందని మొదట పట్టినవాడు ఏ రసాయనశాస్త్రమూ చదవలేదు, ముక్కును నమ్ముకున్నాడు. పుదీనా లేని బిర్యానీలో నువ్వు ఒంటరిగా, కొంచెం బరువుగా అనిపిస్తావు. నువ్వు లేని బిర్యానీలో పుదీనా పచ్చడి గుర్తుకొస్తుంది. నా ముక్కు చెప్పే సాక్ష్యం అంతవరకే.

సోయకూర గింజల్లోనూ నీ వైపు కార్వోనే ఉంది. పసిపిల్లల కడుపునొప్పికి పట్టే గ్రైప్ వాటర్‌లో ఆ గింజల నూనె కలుపుతారు. నిన్ను మొదటిసారి వాసన చూసినవాళ్లు కూడా "ఎక్కడో ఎరిగినట్టుంది" అంటారు కదా, ఆ ఎరుక ఉయ్యాల నాటిది కావచ్చు.

కచ్చి బిర్యానీలో నువ్వు చేసే పని ఇంకా దగ్గరగా చూడదగ్గది. నీ నూనె నీళ్లలో కరగడానికి పెద్దగా ఇష్టపడదు. కరగనిది ఆవిరెక్కుతుంది. అందుకే ఎసరు తెర్లేటప్పుడు ఇల్లంతా నువ్వే. తెలిసిన వంటవాడు ఎసట్లో ఒక గరిటెడు నూనెనో నెయ్యినో వేస్తాడు. మెతుకులు అంటుకోకుండా అని చెబుతాడు గానీ, పారిపోయే నీ పరిమళాన్ని పట్టి ఉంచేది కూడా ఆ జిడ్డే. నానిన బాస్మతి బియ్యం పడుతుంది. అయిదారు నిమిషాలు. మెతుకును గోటితో నొక్కితే మధ్యలో తెల్లటి పలుకు ఇంకా ఉండగానే చిల్లుల గరిటెతో తోడాలి. ఆ గరిటె లేచినప్పుడు గంజి కిందికి కారిపోతుంది, లవంగమూ చెక్కా వీలైతే తప్పించుకుంటాయి, నువ్వు మాత్రం మెతుకు నడుము పట్టుకుని వచ్చేస్తావు. సన్నటి మెతుక్కి సన్నటి గింజ. ఏరి పారేయడానికి ఎవరి వేళ్లకూ చిక్కవు. యాలక్కాయ పంటి కింద పడితే మొహం మాడ్చుకుంటారు, లవంగం తగిలితే కంచం అంచున పెడతారు. నిన్ను కొరికినట్టు కూడా తెలియదు, చిటుక్కున విరిగి వెళ్లిపోతావు.

పచ్చిమాంసం మీద ఆ సగం ఉడికిన అన్నం పరుస్తారు. పొర మీద పొర. వేయించిన ఉల్లిపాయలు, నిమ్మరసం, నెయ్యి. మూత చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తి ఆవిరికి దారులన్నీ మూసేస్తారు. ఇక ఎసట్లోలా ఇల్లు తిరగడానికి వీల్లేదు. లేచిన ప్రతి ఆవిరి మూతకు తగిలి, చుక్కై, మళ్లీ మెతుకు మీదే పడుతుంది. మాంసం రసం కింది నుంచి పైకి వస్తుంది, నీ వాసన పైనుంచి కిందికి దిగుతుంది. మాంసానికి కావలసినవాళ్లు చాలామంది ఉన్నారు: అల్లం, వెల్లుల్లి, పచ్చి బొప్పాయి, మిరప, గరం మసాలా. బియ్యం తరఫున నిలబడ్డది నువ్వు. పిండి ముద్ద పగలగొట్టి మూత తెరిచిన క్షణంలో పక్క నుంచి గరిటె దించి, పైపొరలోంచి మసాలా తగలని తెల్లని అన్నం ఒక్క ముద్ద వేసుకుని, ఏమీ కలపకుండా తినాలి. నీ అసలు రుచి అక్కడుంది. జనం దాన్ని ఉత్తన్నం అని పక్కకు తోసి అడుగున మసాలా కోసం తవ్వుతారు. తవ్వనీ.

గోల్కొండలో కుతుబ్‌షాహీ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చినవాడు. 1591లో చార్మినార్ లేచినప్పుడు నగరానికి నక్షా గీసిన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ కూడా ఇరానీయే. అలాంటి ఊళ్లో అన్నానికి అత్తరు పూయడం ఒక విద్య కావడంలో ఆశ్చర్యం లేదు. కానీ నిన్ను నవాబుల సొత్తని చెప్పేవాళ్ల మాట నేను ఒప్పుకోను. తెలంగాణ పల్లెలో ఏ దావత్‌కైనా వెళ్లి చూడండి. బగారన్నం లేని బంతి ఉందా? బాస్మతే కానక్కర్లేదు, కుంకుమపువ్వు మాట ఎత్తనక్కర్లేదు. సోనామసూరి చాలు. నూనె కాగాక చెక్కా లవంగాలూ యాలకులూ బిర్యానీ ఆకూ వేసి, అవి ఉబ్బాక నిన్ను వేస్తారు. ముందుగా వేస్తే మాడతావు, మాడితే గిన్నె మొత్తం చేదు. నువ్వు చిటపటమనవు, ఆవాల్లా ఎగిరిపడవు. నూనె అంచున సన్నటి బుడగలు కట్టి, రంగు ఒక్క వన్నె ముదురుతుంది. అంతే సమయం. వెంటనే నిలువునా కోసిన ఉల్లిపాయలు, చీల్చిన పచ్చిమిర్చి పడి వేడిని చల్లార్చాలి. ఆపైన అల్లం వెల్లుల్లి, పుదీనా, ఎసరు, బియ్యం.

ఆ అన్నం మీద మటన్ కూర, లేదా సొరకాయ ముక్కలు తేలే దాల్చా. వడ్డించే పిల్లగాడు బకెట్టు పట్టుకుని "బగార, బగార" అని కేకేస్తూ బంతి వెంట నడుస్తాడు. పసుపు లేదు, కారం లేదు, రంగు లేదు. తెల్లని అన్నంలో అక్కడక్కడ నల్లని గీతలు. అయినా దాన్ని ఎవరూ ఉత్తన్నం అనరు. కిలో బియ్యానికి చిన్న చెంచాడు షాజీరా, అంతకు మించి పట్టదు. అంత కొంచెంతో అన్నాన్ని విందు చేయగలిగిన దినుసు నాకు ఇంకొకటి కనిపించలేదు.

నీ జాడ పట్టుకుని లోకమంతా తిరిగినా ఇదే తీరు. ఎక్కడ చూసినా తిండిగింజ పక్కనే నువ్వు. జర్మనీ, పోలండ్‌ వైపు రై పిండితో పుల్లగా, ఇటుకంత బరువుగా చేసే నల్లరొట్టెలో నువ్వు. ఒకప్పటి ఇంగ్లండులో టీ బల్ల మీద కోసిన సీడ్ కేకులో నువ్వు. షేక్‌స్పియర్ నాటకం నాలుగో హెన్రీ రెండో భాగంలో ముసలి షాలో దొర తన తోటలో కాసిన ఆపిల్‌తో పాటు నిన్ను కూడా ఫాల్‌స్టాఫ్‌కు పెడతానంటాడు. భోజనం అయ్యాక మనం సోంపు నోట్లో వేసుకున్నట్టే వాళ్లకు అప్పట్లో నువ్వు. హంగరీ గూలాష్‌లో మిరపపొడి వెనక నిలబడేది నువ్వు. డెన్మార్క్, స్వీడన్, నార్వేల్లో కాచే ఆక్వావిట్ సారాకు నీ పరిమళమో, లేదా సోయకూర గింజల పరిమళమో ఉంటేనే ఆ పేరు పెట్టుకునే హక్కు. నార్వేలో మంచు కరిగాక మొదట మొలిచే నీ లేత ఆకులతో చారు కాస్తారు. ఫిన్లాండ్ రైతులు రాత్రి ఎరగని వేసవి వెలుతురులో నిన్ను పండించి ప్రపంచానికి అమ్ముతారు. నీకు దొంగల్ని ఆపే శక్తి ఉందనీ, నిన్ను తిన్న పావురం గూడు విడిచిపోదనీ పాతకాలపు యూరప్‌లో నమ్మేవారు. ట్యునీషియాలో ధనియాలు, వెల్లుల్లి, మిరపతో నిన్ను కలిపి తాబిల్ అనే పొడి కొడతారు.

వీటన్నిటిలో నా మనసు నిలిచేది లెబనాన్‌లో. అక్కడ ఇంట్లో బిడ్డ పుడితే మెగ్లీ వండుతారు. బియ్యప్పిండి, పంచదార, నీళ్లు, సోంపు లాంటి అనీసు, దాల్చినచెక్క, వీటికి మించి నీ పొడి. సన్నటి సెగ మీద చిక్కబడేదాకా కలుపుతూనే ఉండాలి; చెయ్యి ఆగితే అడుగంటుతుంది, ఉండకడుతుంది. మట్టిరంగులో గట్టిపడ్డ ఆ పాయసాన్ని గిన్నెల్లో పోసి, పైన కొబ్బరి కోరు, నానబెట్టిన బాదం, అక్రోట్లు పరిచి, బిడ్డను చూడవచ్చిన ప్రతివారికీ ఇస్తారు. మన ఇళ్లలో బాలింతకు వామూ శొంఠీ పెట్టే ఆలోచనకూ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది: కడుపులో గాలిని అణిచే గింజను మొదట తల్లికి అందించడం. మరి మనకు ఇంతకాలం నిన్ను తీపిలో వేయాలని ఎందుకు తోచలేదో! పరమాన్నం వండేవాళ్లు ఒకసారి యాలకుల చెయ్యి ఆపి నిన్ను పిలవచ్చు.

నిన్ను పాడుచేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. మిక్సీలో గరం మసాలాతో పాటు నిన్ను తిప్పేస్తే, ఆ వేడికి నీ నూనె కొంత గిన్నెలోనే ఎగిరిపోతుంది. తక్కినది లవంగం కింద నలిగిపోతుంది. నిన్ను నిండుగా ఉంచడమే నీకు చేసే మర్యాద. జీలకర్ర అయిపోయిందని నిన్ను చారులో వేసేవాళ్లున్నారు, ముఖ్యంగా పరాయి దేశంలో. జర్మనీ చదువులకెళ్లిన మన పిల్లలు అక్కడి దుకాణంలో గింజ రూపు చూసి జీలకర్రే అనుకుని నిన్ను కొని, మొదటి ఆదివారం చారు పెట్టి, "అమ్మా, ఇదేంటో మందు వాసనొస్తోంది" అని ఫోన్ చేస్తారు. చింతపండుకూ షాజీరాకూ జన్మలో పడదు నాయనా, తప్పు గింజది కాదు.

ఆ పొట్లం మాత్రం పారేయొద్దు. అక్కడే దుకాణంలో చవగ్గా దొరికేది క్యాబేజీ. సగం కాయ తీసుకుని సన్నగా తరుగు. మూకుడులో ఒక చెంచాడు నెయ్యి వేసి, ఓ మాదిరిగా కాగాక అర చెంచా షాజీరా వెయ్యి, బుడగలు కట్టగానే రెండు ఎండుమిర్చి తుంచి వెయ్యి, ఆ వెంటనే తరుగు, ఉప్పు. మూత పెట్టొద్దు, నీళ్లు చల్లొద్దు. క్యాబేజీకి ఉండే ఆ ఉడుకు వాసనను షాజీరా మింగేస్తుంది, కడుపుబ్బరం రానివ్వదు; ఆ దేశపువాళ్లు క్యాబేజీ పక్కన దీన్ని ఊరికే పెట్టుకోలేదు. అంచులు కొంచెం ఎర్రబడ్డాక దించి, వేడన్నంలో కలుపుకో. పప్పుచారు ఉంటే ఇంకా మంచిది, అందులో మాత్రం జీలకర్రే పడాలి.